క్యాబేజీ నాటే వేళ: అపోహలు - వాస్తవాలు

కూరగాయల నారు పెంచడం నా పని. నారు కోసం వచ్చేవారిలో ఎక్కువ మంది అడిగేది ఒకటే: "క్యాబేజీ ఏ నెలలో నాటాలి?" నేను నెల పేరు చెప్పను. "మీ దగ్గర పగటి వేడి 25 డిగ్రీలు దాటని వారాలు ఎన్ని? అవి ఎప్పుడు వస్తాయి?" అని అడుగుతాను. ఆ రెండూ తెలిస్తే నాటే తేదీ దానంతట అదే తేలుతుంది.

అపోహ: చలి బాగా పట్టాక నాటితే చాలు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే. చల్లదనం కావలసింది నాటే రోజున కాదు, గడ్డ కట్టే రోజుల్లో. క్యాబేజీకి 15 నుంచి 20 డిగ్రీల సెల్సియస్ చక్కగా సరిపోతుంది. 25 దాటిన వేడి అలాగే కొనసాగితే లోపలి ఆకులు బిగుసుకోవు. పైకి గడ్డలాగే కనిపిస్తుంది, చేత్తో నొక్కితే మెత్తగా లోపలికి దిగుతుంది.

అందుకే వెనక నుంచి లెక్క వేయాలి. నాటిన 70 రోజులకు కోతకొచ్చే రకం తీసుకుందాం. అందులో సుమారు సగం కాలం ఆకులు పెరగడానికే పోతుంది. అప్పటిదాకా పక్కలకు పరుచుకున్న ఆకులకు భిన్నంగా, నడిమి ఆకులు విచ్చుకోవడం మాని అంచులు లోపలికి మడుచుకుని నిలబడతాయి. గడ్డ కట్టడం మొదలైందనడానికి అదే గుర్తు. ఆ దశ నుంచి కోత వరకు ఉన్న అయిదు వారాలు మీ ప్రాంతంలో చల్లని వారాలు కావాలి. అంటే దానికి అయిదు వారాల ముందు నారు నాటాలి, మరో అయిదు వారాల ముందు విత్తనం చల్లాలి. వేడి ప్రాంతాల్లో ఎండ ఇంకా తగ్గకముందే నారుమడి పోయాల్సి వస్తుందని దీన్నిబట్టి అర్థమవుతుంది. భయపడనక్కరలేదు, పైన నీడ ఉండి మట్టిలో తడి ఆరకపోతే విత్తనం బాగానే మొలుస్తుంది.

నీరు గడ్డకట్టేంత చలి ఉండే ప్రాంతాల్లో లెక్క వేరు. శరత్తు పంటకు తొలి మంచు పడే రోజుల నుంచి వెనక్కి లెక్కించాలి. పొద్దు తగ్గేకొద్దీ పెరుగుదల కూడా నెమ్మదిస్తుంది కాబట్టి రెండు వారాలు అదనంగా కలుపుకోవాలి. వసంత పంటకైతే చివరి మంచుకు రెండు నుంచి నాలుగు వారాల ముందే నారు నాటవచ్చు.

అపోహ: ప్యాకెట్ మీద రాసిన రోజులు విత్తిన నాటి నుంచి.

క్యాబేజీ విషయంలో సాధారణంగా అవి నారు నాటిన రోజు నుంచి. నారుమడిలో గడిచే నాలుగు నుంచి ఆరు వారాలు వాటికి అదనం. స్వల్పకాలిక రకాలకు 60 నుంచి 75 రోజులు, దీర్ఘకాలిక రకాలకు 100 రోజులు పైనే పడుతుంది. చల్లని కాలం పొట్టిగా ఉండే చోట దీర్ఘకాలిక రకం జోలికి వెళ్లకండి.

అపోహ: ముదురు నారు నాటితే గడ్డ త్వరగా వస్తుంది.

నాలుగైదు ఆకులు తొడిగిన నారే మేలు. క్యాబేజీ స్వభావరీత్యా రెండేళ్ల మొక్క: మొదటి ఏడు గడ్డ కడుతుంది, చలికాలం దాటాక పూస్తుంది. కాండం పెన్సిలు కంటే లావెక్కిన మొక్క 10 డిగ్రీల లోపు చలిలో కొన్ని వారాలు గడిపితే, శీతాకాలం అయిపోయిందనుకుని పూతకు సిద్ధమవుతుంది. గడ్డకు బదులు నడుమ నుంచి పసుపు పూల కాడ లేస్తుంది. సన్నని లేత నారుకు ఈ బెడద దాదాపు ఉండదు. నారు కొనేటప్పుడు కుండీ నుంచి ఒక మొక్కను లాగి చూడండి. వేర్లు అడుగున చుట్టలు చుట్టుకుని ఉంటే అది ముదిరిన నారు. ఎంత పచ్చగా ఉన్నా వదిలేయండి.

అపోహ: చలిని తట్టుకునే పంట కాబట్టి నారును నేరుగా బయట నాటేయవచ్చు.

అలవాటు పడిన మొక్క తేలికపాటి మంచును తట్టుకుంటుంది. నీడపట్టున పెరిగిన లేత మొక్క తట్టుకోదు. నాటడానికి వారం, పది రోజుల ముందు నుంచి నీరు కొంచెం తగ్గించి, రోజూ మరికాస్త ఎక్కువ సేపు ఎండకు, గాలికి అలవాటు చేయండి. సాయంత్రం పూట నాటితే మొక్క వాడిపోదు.

అపోహ: అదును తప్పినా ఆకులు పైకి కడితే గడ్డ వస్తుంది.

రాదు. ఆకులు కట్టడం కాలీఫ్లవర్ పువ్వు తెల్లగా ఉండటానికి చేసే పని. క్యాబేజీ గడ్డ లోపలి నుంచి తయారవుతుంది, దాన్ని పోషించేది బయట పరుచుకున్న పెద్ద ఆకులే. వాటిని కట్టేసినా, గడ్డకు బలం చేకూరుతుందని కోసేసినా మొక్క తిండి తగ్గించినట్లే. పండుబారినవి, తెగులు సోకినవి మాత్రం తీసేయండి.

అపోహ: వేడిని తట్టుకునే హైబ్రిడ్ అయితే ఎప్పుడైనా నాటవచ్చు.

ఆ రకాలు మరికాస్త వేడిలోనూ గడ్డ కడతాయి, నిజమే. కానీ వేడి పెరిగేకొద్దీ క్యాబేజీ ఆకులు తినే డైమండ్ రెక్కల పురుగు తరాలు త్వరత్వరగా పూర్తవుతాయి. ఆకు అడుగు భాగం తిప్పి చూడండి. సన్నని లేత ఆకుపచ్చ పురుగును వేలితో తాకితే గిలగిలా కొట్టుకుంటూ సన్నని దారం పట్టుకుని కిందికి జారుతుంది. వేసవి పంటకు మొదటి రోజు నుంచే దోమతెర లాంటి వల కప్పగలిగితేనే దిగండి.

అపోహ: మొక్కలన్నీ ఒకే రోజు నాటాలి.

ఇంటి తోటకు ఇది అస్సలు నప్పదు. గడ్డలన్నీ ఒకేసారి కోతకొస్తే తినలేరు. ముదిరిన గడ్డను ఉంచేస్తే, పొడి రోజుల తర్వాత ఒక్క పెద్ద వాన పడగానే నిలువునా పగులుతుంది. రెండు వారాల ఎడంతో నాలుగేసి మొక్కలు నాటుకోండి. గడ్డ గట్టిపడినా కోయడానికి తీరిక లేకపోతే మొక్కను పట్టుకుని అర చుట్టు తిప్పండి. కొన్ని వేర్లు తెగి నీరు పీల్చడం తగ్గుతుంది, పగుళ్లు కొన్నాళ్లు ఆగుతాయి.

కోసేటప్పుడు కింది ఆకులు, మొదలు ఉంచేస్తే పక్క మొగ్గల నుంచి చిన్న చిన్న గడ్డలు వస్తాయి. చల్లని వారాలు ఇంకా మిగిలి ఉంటేనే వాటి కోసం ఆగండి. లేకపోతే మొదలు పీకేసి అక్కడ చిక్కుడు వేయండి. వేర్లు ఉబ్బే తెగులు మట్టిలో ఏళ్ల తరబడి నిలిచి ఉంటుంది కాబట్టి, కనీసం మూడేళ్ల వరకు ఆ మడిలో క్యాబేజీ, కాలీఫ్లవర్, ముల్లంగి, ఆవాలు వేయకండి.