ఉద్యోగాలకు కోత, పైవాళ్లకు బోనస్: గానెట్ పత్రికల కథ

2022 ఆగస్టులో అమెరికాలోని అతిపెద్ద దినపత్రికల సంస్థ గానెట్ ఒక్క దెబ్బకు 400 మందిని ఇంటికి పంపింది. ఖాళీగా ఉన్న మరో 400 పోస్టులను భర్తీ చేయకుండానే ఎత్తేసింది. అప్పటికి తాజా త్రైమాసికంలో నష్టం దాదాపు 5.4 కోట్ల డాలర్లు. అంతకుముందు ఏడాది సీఈవో మైక్ రీడ్ ప్యాకేజీ 77 లక్షల డాలర్లు. ఉద్యోగులు మండిపడటంలో వింతేమీ లేదు. అయితే ఈ తగువు రీడ్‌తో మొదలైంది కాదు.

ఫ్రాంక్ గానెట్ 1906లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఎల్మైరాలో ఓ చిన్న పత్రికలో వాటా కొన్నాడు. తర్వాత రోచెస్టర్ కేంద్రంగా ఒక్కో ఊరి పత్రికా కొంటూ పోయాడు. 1967లో కంపెనీ స్టాక్ మార్కెట్‌కు ఎక్కాక లెక్క మారింది. 1982లో 'యూఎస్ఏ టుడే' పెట్టిన ఆల్ న్యూహార్త్ హయాంలో, ప్రతి త్రైమాసికమూ పోయినసారి కంటే లాభం పెరగాల్సిందేనన్న పట్టుదల కంపెనీకి అలవాటైపోయింది. ఊరికి ఒకటే పత్రిక ఉంటే ఇళ్ల అమ్మకాలు, పాత కార్లు, ఉద్యోగాలు, చివరికి చావు కబురు కూడా అందులోనే వేయించాలి. ప్రకటన రేటు పత్రిక చెప్పిందే. వందకు పాతిక, ముప్ఫై లాభం మిగిలిన రోజులవి. షేర్‌హోల్డర్లు దాన్నే మామూలు అనుకున్నారు.

క్రెయిగ్స్‌లిస్ట్ లాంటి సైట్లు వచ్చి ఆ చిన్న ప్రకటనలను ఉచితంగా వేయడం మొదలెట్టాయి. మిగిలినవి గూగుల్, ఫేస్‌బుక్ పట్టుకుపోయాయి. 2005లో అమెరికన్ పత్రికల ప్రకటనల రాబడి 4,900 కోట్ల డాలర్ల పైమాటే. 2022 నాటికి అది వెయ్యి కోట్ల లోపుకు పడిపోయింది. పతనం మొదలయ్యే వేళకే పెద్ద సంస్థలు అప్పులు తెచ్చి ఇతర పత్రికలను కొనడం ఇంకో తప్పు. 2005లో పులిట్జర్‌ను కొన్న లీ, 2006లో నైట్ రిడర్‌ను కొన్న మెక్‌క్లాచీ, 2007లో రియల్ ఎస్టేట్ వ్యాపారి శామ్ జెల్ చేతికొచ్చిన ట్రిబ్యూన్, మూడూ తర్వాత దివాలా కోర్టు మెట్లెక్కాయి. ట్రిబ్యూన్ అప్పు దాదాపు 1,300 కోట్ల డాలర్లు. జెల్ తన జేబులోంచి పెట్టింది 31.5 కోట్లు.

గానెట్ మాత్రం దివాలా తీయలేదు. అక్కడ జరిగింది చూస్తే పైవాళ్ల జీతాల మర్మం బాగా అర్థమవుతుంది. క్రెయిగ్ డుబో 2005లో సీఈవో అయ్యాడు. 2009 మొదట్లో దాదాపు ఉద్యోగులందరూ వారం రోజులు జీతం లేని సెలవు తీసుకోవాలన్నారు. దీన్నే ఫర్లో అంటారు. చట్టం ప్రకారం ఆ వారంలో ఆఫీసు పని ముట్టుకోకూడదు. ఈమెయిల్‌కు జవాబిచ్చినా పని కిందే లెక్క. వార్తకు సెలవుండదని నేర్చుకున్న విలేకరికి ఊళ్లో ఏం జరిగినా ఫోన్ పక్కన పెట్టి కూర్చోవడమే శిక్ష! డుబో కూడా ఓ వారం ఫర్లో తీసుకున్నాడు, అంతకుముందే మూల జీతంలో రెండు లక్షల డాలర్లు తగ్గించుకున్నాడు. చూడటానికి బాగానే ఉంది. కానీ 2009కి నగదు బోనస్ 14.5 లక్షలు అందింది. 2010కి అది 17.5 లక్షలైంది, షేర్లతో కలిపి మొత్తం ప్యాకేజీ 94 లక్షలకు చేరింది. 2011 జూన్‌లో స్థానిక పత్రికల్లో మరో 700 మంది ఉద్యోగాలు పోయాయి. అదే ఏడాది అక్టోబర్‌లో అనారోగ్యంతో డుబో తప్పుకున్నాడు. చేతికొచ్చిన ప్రయోజనాల విలువ 3.71 కోట్ల డాలర్లు. ఆయన హయాంలో 75 డాలర్ల దగ్గరున్న షేరు 10కి దిగింది. 52 వేల మంది సిబ్బంది 32 వేలయ్యారు.

బోనస్ ఎందుకిచ్చారో దాచిపెట్టలేదు. ఖర్చులు తగ్గించినందుకు, కొన్ని విభాగాలను ఒకచోటికి చేర్చినందుకు అని బోర్డే చెప్పింది. ఏటా వాటాదారులకు పంపే ప్రాక్సీ పత్రంలో ఇవన్నీ ఉంటాయి. బోర్డులోని కమిటీ ఏడాది మొదట్లో లక్ష్యాలు పెడుతుంది: నిర్వహణ లాభం ఇంత, చేతిలో నగదు ఇంత. రాబడి ఏటా పడిపోతుంటే ఆ లక్ష్యాన్ని అందుకోవడానికి మిగిలేది ఖర్చు ఒక్కటే. పత్రికలో ఖర్చంటే న్యూస్‌ప్రింటు, ప్రెస్సు, మనుషులు. అంటే మనుషుల్ని తీసేస్తే లక్ష్యం నెరవేరుతుంది, నెరవేరితే బోనస్ వస్తుంది. కోత ఉన్నా బోనస్ ఇచ్చారని తిడతాం గానీ, చాలాసార్లు కోత పెట్టినందుకే బోనస్.

ఈ అంకెలు మనకు తెలియడానికి కారణం గానెట్ లిస్టెడ్ కంపెనీ, అంటే షేర్లు మార్కెట్లో అమ్ముడయ్యే కంపెనీ కావడమే. సీఈవో జీతం మధ్యస్థ ఉద్యోగి (జీతాల వరుసలో సరిగ్గా నడుమ ఉండేవాడు) జీతానికి ఎన్ని రెట్లో కూడా 2018 నుంచి అక్కడ చెప్పి తీరాలి. మన 2013 కంపెనీల చట్టంలోనూ ఇలాంటి నిబంధన ఉంది, కాకపోతే అదీ లిస్టెడ్ కంపెనీలకే. ఈనాడు, సాక్షి, ఆంధ్రజ్యోతి నడిపే సంస్థలేవీ మార్కెట్లో లిస్టయినవి కావు. డెస్కులో సబ్ ఎడిటర్‌కు, పైన కూర్చున్న డైరెక్టర్‌కు మధ్య ఎన్ని రెట్ల తేడా ఉందో తెలుగు పాఠకుడు చూడగలిగే కాగితం లేదు.

2019 నవంబర్‌లో గేట్‌హౌస్ అనే మరో పత్రికల సంస్థకు మాతృసంస్థ అయిన కంపెనీ గానెట్‌ను కొని ఆ పేరే పెట్టుకుంది. అందుకోసం అపోలో అనే పెట్టుబడి సంస్థ దగ్గర తెచ్చింది దాదాపు 180 కోట్ల డాలర్ల అప్పు, వడ్డీ 11.5 శాతం. ఆ రేటున ఏడాది వడ్డీయే 20 కోట్లు దాటుతుంది. రీడ్ 77 లక్షలు దాని పక్కన చిల్లర. తర్వాత వడ్డీ తగ్గించుకున్నారు గానీ, మూడేళ్లలో సిబ్బంది సుమారు సగమయ్యారు. రీడ్ వైపు మాటా ఒకటుంది. ఆ ప్యాకేజీలో ఎక్కువ భాగం షేర్లే, 2022లో అది 34 లక్షలకు తగ్గింది. 2022 కోతల వేళ ఆయన సొంత డబ్బుతో 12 లక్షలకు పైగా విలువైన షేర్లు కొన్నాడు కూడా. ఉద్యోగులకు అదే పుండు మీద కారం చల్లినట్టయింది.

2023 జూన్ 5న వాటాదారుల వార్షిక సమావేశం రోజే ఇరవైకి పైగా న్యూస్‌రూముల్లో విలేకరులు సమ్మెకు దిగారు. ఫ్రాంక్ గానెట్ కంపెనీని పెంచిన రోచెస్టర్ కూడా అందులో ఉంది. రీడ్‌కు ఓటెయ్యొద్దని యూనియన్ కోరింది. వాటాదారులు ఆయన్నే మళ్లీ బోర్డుకు ఎన్నుకున్నారు.