అలసిపోయిన టీ సెల్స్: ఎలుకల వైరస్ నుంచి క్యాన్సర్ వార్డు దాకా

ఇమ్యునోథెరపీ (ఒంటి రోగనిరోధక వ్యవస్థతోనే క్యాన్సర్ మీద పోరాడించే చికిత్స) అంటే క్యాన్సర్ ల్యాబుల్లోనే పుట్టిన మందు అని చాలామంది అనుకుంటారు. అది సగం నిజం. మిగతా సగం ఒక ఎలుకల వైరస్ దగ్గర మొదలైంది. అందులో ఒక హైదరాబాదీ పాత్ర పెద్దదే.

ఇన్ఫెక్షన్‌కీ క్యాన్సర్‌కీ ఏదో సంబంధం ఉందన్న అనుమానం పాతదే. మెడ మీద గడ్డ ఉన్న ఒక రోగికి చర్మం ఇన్ఫెక్షన్ వచ్చాక ఆ గడ్డ మాయమైందని న్యూయార్క్ సర్జన్ విలియం కోలీ పాత రికార్డుల్లో చూశాడు. 1891 నుంచి తానే రోగులకు బ్యాక్టీరియా ఎక్కించడం మొదలుపెట్టాడు. కొందరికి తగ్గింది, కొందరు చనిపోయారు. కారణం ఆయన చెప్పలేకపోయాడు. రేడియేషన్ వచ్చాక ఆ పద్ధతి మూలపడింది.

అసలు ముడి విప్పడానికి పనికొచ్చింది ఎల్‌సీఎంవీ అనే ఆ ఎలుకల వైరస్. ఉస్మానియాలో చదివి అమెరికా వెళ్లిన రఫీ అహ్మద్, సహచరులతో కలిసి 1984లో దాంట్లో ‘క్లోన్ 13’ అనే రకాన్ని వేరుచేశారు. మూల రకం ఆర్మ్‌స్ట్రాంగ్ సోకిన ఎలుక వారం పది రోజుల్లో కోలుకుంటుంది. క్లోన్ 13 అయితే నెలల తరబడి ఒంట్లోనే తిష్ఠ వేస్తుంది. జన్యుపరంగా చూస్తే రెండింటికీ తేడా చాలా స్వల్పం. మరి వైరస్ సోకిన కణాలను చంపాల్సిన టీ సెల్స్ (రోగనిరోధక వ్యవస్థలోని ఒక రకం కణాలు) ఏమైనట్టు? అన్నీ చచ్చిపోయాయనుకోవడం తేలిక. కానీ 1998లో అహ్మద్ బృందానికి కనిపించింది వేరు. వైరస్‌ను గుర్తుపట్టే సెల్స్ కొన్ని ఉన్నాయి, పని మాత్రం చేయడం లేదు. ఈ స్థితికే తర్వాత ‘ఎగ్జాషన్’ (అలసట) అనే పేరు స్థిరపడింది.

ఇంకోపక్క క్యోటోలో తసుకు హోంజో బృందం 1992లోనే పీడీ-1 జన్యువును పట్టుకుంది. అది టీ సెల్‌కి బ్రేక్ లాంటిదని తేలడానికి మరికొన్నేళ్లు పట్టింది. 2002లో వాళ్లే ఎలుకల క్యాన్సర్‌లో ఆ బ్రేక్ తీసి చూశారు. 2006లో అహ్మద్ బృందం, హార్వర్డ్ శాస్త్రవేత్తలతో కలిసి, వైరస్ వదలని ఎలుకల్లో అలసిన సెల్స్ మీద పీడీ-1 దండిగా ఉందని, దాన్ని అడ్డుకుంటే అవి మళ్లీ పనిలోకి దిగుతున్నాయని చూపించింది. కణితి లోపలి టీ సెల్స్ పరిస్థితీ దాదాపు ఇదే. నా దృష్టిలో రెండు దారులూ కలిసిన చోటు అది.

పీడీ-1ను అడ్డుకునే మందులు 2014లో మార్కెట్లోకి వచ్చాయి. 2018 నోబెల్ హోంజోకీ, మరో బ్రేక్‌ మీద పనిచేసిన జేమ్స్ అల్లిసన్‌కీ దక్కింది. ధర మాత్రం మామూలు కుటుంబం మోసేది కాదు. అందుకే ముంబై టాటా మెమోరియల్ డాక్టర్లు ముదిరిన తల, మెడ క్యాన్సర్లలో నివోలుమాబ్ అనే పీడీ-1 మందును నోటి మాత్రల చికిత్సకు తోడుగా మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాములే ఇచ్చి చూశారు. మామూలు డోసు రెండు వారాలకు 240. 2022లో వచ్చిన ఫలితం: ఏడాది తర్వాత బతికున్నవారు మాత్రలే తీసుకున్నవాళ్లలో 16.3 శాతం, నివోలుమాబ్ కూడా తీసుకున్నవాళ్లలో 43.4 శాతం.

మందు అందరికీ ఎందుకు పనిచేయదు? ఇక్కడా సమాధానం మళ్లీ వైరస్ వైపు నుంచే వస్తోంది. పూర్తిగా అలసిన సెల్స్ కాక, మూలకణాల లక్షణాలు మిగిలిన కొద్దిపాటి టీ సెల్సే మందుకు స్పందిస్తాయని 2016లో ఎల్‌సీఎంవీ ఎలుకల్లోనే తేలింది. హెపటైటిస్ సి మందులతో వైరస్ పూర్తిగా పోయినవాళ్లలో కూడా టీ సెల్స్ జన్యువుల మీద అలసట గుర్తులు చెరిగిపోలేదని 2021లో పరిశోధనలు చూపాయి. బ్రేక్ తీయడంతో పాటు ఆ గుర్తులనూ చెరపగలమా అన్నదే ఇప్పుడు ల్యాబుల్లో నలుగుతున్న ప్రశ్న.