ఉక్కపోతలో కొండవాగు చేప

"మన శ్రీకాకుళంలో హిల్‌స్ట్రీమ్ లోచ్ (చల్లటి కొండవాగుల్లో ఉండే చిన్న చేప) బతుకుతుందా? ట్యాంకు మీద చిన్న ఫ్యాన్ పెడితే చాలదా?" ఎండలు ముదిరేసరికి అక్వేరియం ఉన్న ఇళ్ళలో వచ్చే ప్రశ్న ఇది. బతుకుతుంది. కానీ ఫ్యాన్‌తో బతకదు. ఎందుకో తెలియాలంటే చేపతో పాటు మన గాలిని కూడా చూడాలి.

ఈ లోచ్‌లలో షాపుల్లో ఎక్కువగా దొరికే రకం సెవెల్లియా లీనియోలాటా. మధ్య వియత్నాం కొండవాగుల చేప, రెండున్నర అంగుళాలకు మించదు. అద్దానికి అతుక్కుని ఉన్నప్పుడు బయటినుంచి దాని పొట్టవైపు చూడండి. ముందు రెక్కలు, వెనక రెక్కలు పళ్ళెంలా పరుచుకుని ఉంటాయి. ముందు రెక్కల వెనక అంచు మాత్రం ఆగకుండా సన్నగా అల్లాడుతూ ఉంటుంది. పొట్ట కింది నీటిని అది బయటికి తోడేస్తోంది. కింద పీడనం తగ్గుతుంది, పైనున్న నీరు చేపను అద్దానికేసి అదిమి పట్టి ఉంచుతుంది. రెక్కల కింద కంటికి కనపడనంత సన్నటి, కొమ్ములా గట్టిగా ఉండే ముళ్ళు జారకుండా ఆపుతాయి. వడినీటి జీవుల శరీర నిర్మాణం మీద 1930లో విస్తారంగా రాసిన సుందర్‌లాల్ హోరా మన దేశపు శాస్త్రవేత్తే. మన బడి పాఠాల్లో ఆయన పేరు వినపడకపోవడం బాధగా ఉంటుంది.

ఈ ఒంటి తీరు చూసి చాలామంది పెద్ద పంపు కొంటారు. వడి ఉంటే మంచిదే, కానీ ఆ వడిలో చేపకు దక్కేది ఆక్సిజన్. 20 డిగ్రీల దగ్గర లీటరు మంచినీరు దాదాపు 9.1 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలదు, 30 డిగ్రీల దగ్గర 7.5 మాత్రమే. తేడా చిన్నదిగానే కనిపిస్తుంది. అయితే నీటి వేడి 10 డిగ్రీలు పెరిగితే చల్లటి రక్తం జీవికి కావలసిన ఆక్సిజన్ ఇంచుమించు రెట్టింపవుతుంది. అంటే రాబడి ఆరో వంతు తగ్గింది, ఖర్చు రెండింతలైంది. అందుకే 20 నుంచి 24 డిగ్రీలు దీనికి హాయి. 26 కొన్నాళ్ళు ఓర్చుకుంటుంది. 28 దాటి రోజుల తరబడి నిలిస్తే తిండి మానేసి నీటిపైకి వచ్చి గస పోస్తుంది, తర్వాత పోతుంది.

ఇక ఫ్యాన్ సంగతి. ట్యాంకు మీద తిరిగే ఫ్యాన్ చేసే పని మట్టికుండ చేసే పనే: నీటిని ఆవిరి చేయడం. ఒక లీటరు నీరు ఆవిరి కావాలంటే దాదాపు 2,430 కిలోజౌళ్ళ వేడి కావాలి. ఆ వేడిని మిగిలిన నీటి నుంచే లాక్కుంటుంది. వంద లీటర్ల ట్యాంకును ఒక డిగ్రీ చల్లార్చడానికి కావలసింది 418 కిలోజౌళ్ళు. అంటే 172 మిల్లీలీటర్లు, గ్లాసెడు కూడా లేని నీరు ఆవిరైతే చాలు. అదే పని గడ్డకట్టించిన లీటరు నీళ్ళ సీసాతో చేయాలంటే, ఆ మంచు పూర్తిగా కరిగి ట్యాంకు వేడికి వచ్చేసరికి గానీ ఒక డిగ్రీ దిగదు. ఆవిరికి ఉన్న బలం అంతటిది.

మరి ఎందుకు పనిచేయదు? గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే ఆవిరికి చోటు దొరకదు. చెమట ఆరని రోజున కుండ నీరూ చల్లబడదు, ట్యాంకూ చల్లబడదు. ఎంత ఫ్యాన్ పెట్టినా నీరు దిగగలిగే అట్టడుగు హద్దును తడి బల్బు ఉష్ణోగ్రత అంటారు. అనంతపురంలో 40 డిగ్రీల ఎండ, 20 శాతం తేమ ఉన్న రోజున ఆ హద్దు 23 డిగ్రీల లోపు. శ్రీకాకుళంలో 34 డిగ్రీలే ఉన్నా తేమ 70 శాతమైతే ఆ హద్దు 29 పైన. ఎండ తక్కువున్న ఊరే ఈ చేపకు ఎక్కువ కష్టం! జూన్ నుంచి సెప్టెంబరు దాకా, ఎండ తగ్గిందని మనం ఊపిరి పీల్చుకునే రోజుల్లో కూడా, ఈ హద్దు పెద్దగా దిగదు.

దీన్ని ఇంట్లోనే కొలవచ్చు. గాజు థర్మామీటరు బల్బుకు తడి నూలుగుడ్డ చుట్టి, ఫ్యాన్ గాలికి ఐదారు నిమిషాలు పెట్టి చదవండి. మే నెలలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి. అంకె 24 దాటితే ఫ్యాన్ మీద డబ్బు పెట్టకండి. బడిలో బాష్పీభవనం పాఠం ఈ గుడ్డముక్కతో చెబితే పిల్లలకు జన్మంతా గుర్తుంటుంది.

కాబట్టి మిగిలేవి రెండే: 24 దగ్గర పెట్టిన ఏసీ గది, లేదా చిల్లర్, అంటే ట్యాంకు నీటిని చల్లబరిచే యంత్రం. వంద లీటర్లకు పదో వంతు హార్స్‌పవర్ చిల్లర్ సరిపోతుంది. అది తీసిన వేడిని బయటికి వదులుతుంది కాబట్టి మూసిన గదిలో పెడితే వేడి మళ్ళీ ట్యాంకుకే చేరుతుంది. బోరునీటితో చల్లార్చాలనుకోవద్దు. మన వైపు లోతు బోరునీరు ఏడాది సగటుకు దగ్గరగా, 27, 28 డిగ్రీల్లో ఉంటుంది, పైగా అందులో ఆక్సిజన్ తక్కువ. ట్యాంకు నీరు మార్చడానికైనా ఒకరోజు గాలి పట్టించాకే వాడాలి. డిసెంబరు, జనవరుల్లో మాత్రం ఇంట్లో నీరు దానంతటదే ఈ చేపకు నచ్చే చోటికి వస్తుంది.

ట్యాంకు మూడడుగుల పొడవు, పదిహేనంగుళాల చొప్పున వెడల్పు, ఎత్తు ఉంటే రాళ్ళు పోను వంద లీటర్లు పడతాయి. ఒక కొసన స్పాంజి, రెండో కొసన పంపు, రెంటినీ ఇసుక కింద పీవీసీ పైపుతో కలిపితే నీరు పైన ఒకవైపు, పైపులో ఎదురువైపు పోతూ వాగులా తిరుగుతుంది. గంటకు 1,000 నుంచి 1,500 లీటర్ల పంపు చాలు. ఇక్కడే ఒక చిక్కు: నీటిలో మునిగిన 20 వాట్ల పంపు తన కరెంటంతా చివరికి వేడిగానే వదులుతుంది. వేడి బయటికి పోయే దారే లేదనుకుంటే వంద లీటర్లు రోజుకు 4 డిగ్రీలు ఎక్కుతాయి. వడి కోసం పంపు మీద పంపు పెట్టేవాళ్ళు చేపను వండుతున్నట్టే.

రాళ్ళు నున్నటివి ఉండాలి. చేపను ఆరు నుంచి ఎనిమిది వారాలు నడిచిన ట్యాంకులోనే వదలాలి. ఇది మేసేది రాతి మీది జిగట పొరను, అందులోని నాచును, చిన్న పురుగులను. తళతళలాడే కొత్త ట్యాంకులో పస్తులుంటుంది. డాబా మీద తొట్టిలో నీళ్ళు పోసి రాళ్ళు ఎండకు పెడితే పది రోజుల్లో పచ్చపొర పడుతుంది. లోపలి రాళ్ళతో వీటిని వంతులవారీగా మార్చండి. అడుగుకు దిగే బిళ్ళలు, ఉడికించిన కీరదోస ముక్క, వారానికి రెండుసార్లు రక్తపురుగులు (షాపుల్లో చేపల మేతగా అమ్మే ఎర్రటి పిల్లపురుగులు) వేయండి. పొట్ట లోపలికి పీక్కుపోతే ఆకలే.

తెల్లమచ్చల జబ్బుకు ట్యాంకును 30 డిగ్రీలకు వేడిచేయమనే సలహా ఈ చేపను చంపుతుంది. రాగి మందులూ దీనికి పడవు. చేప చనిపోతే ఇంటిమీది దిష్టి పట్టుకుపోయిందనే మాట మన ఇళ్ళలో వినిపిస్తూనే ఉంటుంది. ఆ మాటతో థర్మామీటరు చూడటం ఆగిపోతుంది, మరో చేప వచ్చి అదే వేడిలో పడుతుంది.

కరెంటు పోతే వడీ ఆగుతుంది, చల్లదనమూ ఆగుతుంది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత ఉద్దానం ఊళ్ళు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. బ్యాటరీతో నడిచే గాలి పంపు, మార్చడానికి సెల్‌లు, ఫ్రిజ్‌లో ఎప్పుడూ గడ్డకట్టి ఉండే ఒక్కో లీటరు సీసాలు నాలుగు ట్యాంకుతో పాటే కొనుక్కున్న సామాను అనుకోండి. సీసాలు గంటకొకటి చొప్పున వేయాలి, ఒకేసారి వేస్తే నీరు అమాంతం చల్లబడి చేప తట్టుకోలేదు.

అద్దం మీంచి చేపను తీయాల్సి వస్తే గోటితో లేపకండి, రెక్క చీలుతుంది. పలచటి ప్లాస్టిక్ షీటును తల వైపు నుంచి మెల్లగా పొట్ట కిందికి జరిపితే తనే వదిలి గిన్నెలోకి దిగుతుంది.