మందుకు లొంగని గడ్డ గురించి లహరికి, సాత్విక్‌కి

చిరంజీవులు లహరికి, సాత్విక్‌కి అమ్మమ్మ ఆశీస్సులు. ఇక్కడ మేమిద్దరం కులాసా. తాతయ్య మోకాలి నొప్పి మామూలే.

మొన్న సాత్విక్ అడిగిన దానికి ఫోన్‌లో చెబితే సగం విని ఆటకి పారిపోతాడని ఉత్తరం రాస్తున్నాను. మెలనోమా (చర్మానికి రంగునిచ్చే కణాల క్యాన్సర్) రోగి ఫొటోలు మూడు చూశారు కదా. మొదటి దాంట్లో 38 ఏళ్ల మనిషి, చర్మం కింద ఎక్కడ చూసినా గడ్డలే. రెండోది మందు మొదలుపెట్టిన 15 వారాలకు తీసింది. గడ్డలు కరిగిపోయి ఒళ్లు నున్నగా ఉంది. మూడోది 23 వారాలకు. మళ్లీ గడ్డలు. 2011లో అమెరికా డాక్టర్లు ఒక వైద్య పత్రికలో వేసిన ఫొటోలవి. "క్యాన్సర్ అంత తెలివైందా అమ్మమ్మా, మందుని మోసం చేయడం నేర్చుకుందా?" అన్నాడు సాత్విక్.

నేర్చుకోలేదురా. దానికి తెలివీ లేదు, పట్టుదలా లేదు. పేపర్లవాళ్లు "మాయదారి కణం" అని రాస్తారు గానీ, జరిగేది అంతకన్నా మామూలు సంగతి.

ముందు ఆ మందు సంగతి. మన కణాల్లో బీరాఫ్ అనే ప్రోటీన్ ఉంటుంది. బయటి నుంచి "ఎదుగు" అన్న కబురు వచ్చినప్పుడు దాన్ని మెక్ అనే ఇంకో ప్రోటీన్‌కి అందిస్తుంది, మెక్ ఎర్క్‌కి అందిస్తుంది, కణం రెండుగా చీలుతుంది. బీరాఫ్‌లో వరసగా 766 అమైనో ఆమ్లాలు. 600వ చోట వేలీన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సింది పోయి గ్లుటామిక్ ఆమ్లం వచ్చి కూర్చుంటే కబురు రాకపోయినా వచ్చినట్టే పనిచేస్తూ ఉంటుంది. డీఎన్‌ఏలో మారేది ఒక్క అక్షరం. మెలనోమాల్లో చాలావాటిలో బీరాఫ్ పాడై ఉందని 2002లో ఇంగ్లండ్‌లోని శాంగర్ సంస్థవాళ్లు కనిపెట్టారు. అలా పాడైన బీరాఫ్‌ని పట్టుకుని ఆపే వెమురాఫెనిబ్‌కి 2011లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ ఫొటోల్లోని మనిషి వాడింది అదే.

లహరీ, ఇది చదివి చేతి మీద మచ్చలు లెక్కపెట్టుకుంటూ టెన్షన్ పడకు. పుట్టుకతో కాక తర్వాత వచ్చే మామూలు నల్ల మచ్చల్లో కూడా చాలావాటిలో ఇదే మార్పు ఉంటుంది. అవి కాస్త పెరిగి, ఆగిపోయి, దశాబ్దాలు అలాగే పడి ఉంటాయి. క్యాన్సర్ కావాలంటే ఇంకా కొన్ని జన్యువులు చెడాలి.

ఇక గడ్డలు ఎందుకు తిరగబెట్టాయి? పత్తి చేను తెలుసుగా. 2002లో మన దేశంలోకి, పురుగుని చంపే విషాన్ని తనలోనే తయారుచేసుకునే బీటీ పత్తి వచ్చాక కాయతొలుచు పురుగు బెడద బాగా తగ్గింది. తర్వాత పదిహేనేళ్లు తిరిగేలోపే చాలాచోట్ల కాయ చీలిస్తే లోపల గులాబీ రంగు పురుగు. ఏ పురుగూ బీటీ విషాన్ని ఓడించాలని కూర్చుని ఆలోచించలేదు. లక్షల్లో ఏ కొన్నింటికో ఆ విషం పట్టని గుణం ఉంది. మిగతావి చచ్చాయి, అవి మిగిలాయి, వాటి పిల్లలే చేనంతా నిండాయి. గోళీకాయంత గడ్డలో కోట్లకొద్దీ కణాలుంటాయి. పైగా చర్మపు మెలనోమా ఎండ దెబ్బ తిన్న కణం నుంచి పుట్టేది, దాని డీఎన్‌ఏలో వేల తప్పులు. అన్ని కోట్లలో ఏదో ఒక కణానికి మందు పట్టని తప్పు ముందే ఉండొచ్చు, లేదా చీలుతూ చీలుతూ తర్వాత రావచ్చు. మందు చేసేది ఏరడమే.

ఇది కొత్తగా చూసిందీ కాదు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం అమెరికాలో తయారుచేసిన అమినోప్టెరిన్‌ని 1947-48లో బోస్టన్‌లో లుకేమియా (రక్త క్యాన్సర్) పిల్లలకు ఇచ్చారు. అంతకుముందు ఏ మందుకీ తగ్గని జబ్బు కొందరిలో తగ్గింది. కొన్ని నెలలకే తిరగబెట్టింది. అప్పట్లో ఎందుకో చూసే సాధనం లేదు.

ఇప్పుడు ఉంది. తిరగబెట్టిన గడ్డ నుంచి చిన్న ముక్క తీసి, కుళ్లకుండా ఫార్మలిన్‌లో వేసి ల్యాబ్‌కి పంపుతారు. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ చేసిన పని అక్కడి నుంచి మొదలవుతుంది. ముక్కని మైనపు దిమ్మలో బిగించి, మైక్రోటోమ్ అనే కోత యంత్రం మీద మిల్లీమీటరులో రెండు వందల యాభయ్యో వంతు మందాన పొరలు కోస్తాం. అవి రిబ్బన్‌లా ఒకదానికొకటి అంటుకుని వస్తాయి, గోరువెచ్చని నీళ్ల మీద తేలేసి గాజు పలక మీదికి ఎత్తుతాం. ఫ్యాన్ వేస్తే ఎగిరిపోతాయి కాబట్టి మే నెలలో కూడా ఫ్యాన్ ఉండేది కాదు! మెలనోమా అయితే రంగు వేయకముందే గోధుమరంగు పొడి కనిపించేది. అలాంటి పొరల నుంచే డీఎన్‌ఏ తీసి చదువుతారు. ఆ ఫొటోల మనిషి గడ్డని అలా చదివితే, మందుకు ముందు కనిపించని మార్పు ఒకటి మెక్ జన్యువులో దొరికింది. బీరాఫ్‌ని మందు ఆపేసినా దాని కింద ఉన్న మెక్ తనంతట తానే పనిచేసుకుపోతోందన్నమాట.

ఇలాంటి గుర్తులు ఇంకా ఉన్నాయి. కొన్ని గడ్డల్లో కబురు వరసలో బీరాఫ్ కన్నా ముందున్న ఎన్‌రాస్ అనే ప్రోటీన్ చెడుతుంది. కొన్నింటిలో బీరాఫ్ జన్యువే ఒకటికి పది కాపీలై, ఇచ్చే మందు చాలదు. కొన్నింటిలో బీరాఫ్ ప్రోటీన్ మధ్యలో ముక్క తెగి పొట్టిదై, మందు సరిగా పట్టదు. చికాకు ఎక్కడంటే, ఒకే మనిషిలో చంకలోని గడ్డకి ఒక గుర్తు, ఊపిరితిత్తిలోని గడ్డకి మరొకటి ఉండొచ్చు. ఒక ముక్క చూసి "ఇదీ కారణం" అని రిపోర్టు రాస్తే అది ఆ ముక్క వరకే నిజం. కొన్ని గడ్డల్లో ఎంత వెతికినా డీఎన్‌ఏలో ఏ గుర్తూ దొరకదు. అక్షరాలు మారకుండానే ఏ జన్యువు పనిచేయాలి, ఏది ఊరుకోవాలి అన్నది మారిపోతుంది. అందుకే "జన్యు పరీక్ష చేస్తే అన్నీ తెలిసిపోతాయి" అనేవాళ్లని నేను నమ్మను.

ఒక విడ్డూరం చెబుతాను. వెమురాఫెనిబ్ వాడిన కొందరికి చర్మం మీద కొత్తగా వేరే రకం చిన్న క్యాన్సర్లు మొలిచాయి. బీరాఫ్ బాగానే ఉండి ఎన్‌రాస్ లాంటి రాస్ జన్యువు చెడిన కణాల్లో ఈ మందు కబురుని ఆపకపోగా ఎక్కువ చేస్తుంది! అదృష్టం కొద్దీ అవి కోసి తీసేయగలిగేవే. మెక్‌ని ఆపే మందు కూడా జతచేస్తే ఇవి తగ్గాయి, అసలు గడ్డ తిరగబెట్టడమూ ఆలస్యమైంది. 2014 నుంచి బీరాఫ్‌ని ఆపే డబ్రాఫెనిబ్, మెక్‌ని ఆపే ట్రామెటినిబ్ కలిపి ఇవ్వడం అలా మొదలైంది.

మందుకు మధ్యమధ్యలో విరామం ఇస్తే ఎలా ఉంటుందని కూడా చూశారు. ఎలుకల్లో మందు పట్టని గడ్డలు మందుకే అలవాటుపడి, ఆపగానే చిక్కిపోయాయి. ఇంకేం, అందరికీ ఆశ. తీరా మనుషుల్లో చూస్తే ఆపకుండా వాడినవాళ్లలో జబ్బు ముదరడానికి మధ్యస్థంగా 9 నెలలు పడితే, విరామం ఇచ్చినవాళ్లలో 5.5 నెలలే. 2020లో వచ్చింది ఆ ఫలితం. పత్తి పోలిక ఇక్కడ పనికిరాదు. ఒకప్పుడు బీటీ ప్యాకెట్‌తో విడిగా ఇచ్చిన మామూలు విత్తనాలు చేను చుట్టూ వేయమన్నది, అక్కడ బతికిన మామూలు పురుగులు లొంగని పురుగులతో జతకట్టి ఆ గుణాన్ని పలచన చేస్తాయని. కణాలు జతకట్టవు.

మన ఒంట్లో జబ్బులతో పోరాడే టీ కణాలకు (ఒక రకం తెల్లరక్త కణాలు) వేసిన కళ్లెం తీసి క్యాన్సర్ మీదికి వదిలే ఇమ్యూనోథెరపీ ఇంకో దారి. అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్‌కి 2015లో మెలనోమా మెదడు దాకా పాకితే, రేడియేషన్‌తో పాటు ఇలాంటి మందే ఇచ్చారు. ఆయన నూరేళ్లు బతికారు. దీనికీ లొంగని గడ్డలున్నాయి. 2016లో కాలిఫోర్నియా డాక్టర్లు, తగ్గి తిరగబెట్టిన నలుగురి గడ్డలు చదివితే ఒకరిలో జాక్1, ఇంకొకరిలో జాక్2 అనే జన్యువు చెడి ఉన్నాయి. టీ కణాలు వదిలే ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థం ఆ క్యాన్సర్ కణాలకు పట్టదు. మూడో మనిషిలో బీ2ఎమ్ అనే ప్రోటీన్ పోయింది. అది లేకపోతే క్యాన్సర్ కణం టీ కణానికి తన ఆనవాలు చూపించదు.

రెండూ ఉన్నప్పుడు ఏది ముందు? బీరాఫ్ చెడినవాళ్లలో ఇమ్యూనోథెరపీ ముందు ఇస్తే రెండేళ్లకు సుమారు 72 శాతం మంది బతికి ఉన్నారు, బీరాఫ్ మందులు ముందు ఇస్తే సుమారు 52 శాతం. గడ్డలు గబగబా కరిగే మందు ముందు ఇవ్వాలనే ఎవరికైనా అనిపిస్తుంది. లెక్క అటు రాలేదు.

ఇదంతా ఎక్కువగా తెల్లవాళ్లలో, ఎండవల్ల వచ్చే మెలనోమా కథ. మన దగ్గర ఈ జబ్బు తక్కువ, వచ్చినా చాలాసార్లు అరికాల్లోనో గోరు కిందో వస్తుంది. మా ల్యాబ్‌కి అలాంటి ముక్కలే వచ్చేవి, "ముల్లు గుచ్చుకుందనుకుని ఏడాది ఊరుకున్నాం" అన్న మాటతో సహా. వాటిలో బీరాఫ్ మార్పు తక్కువ, కిట్ అనే వేరే జన్యువు చెడడం కొంత ఎక్కువ. కాబట్టి ఆ ఫొటోల్లోని మందు మనవాళ్లలో చాలామందికి మొదట్నుంచీ పనికిరాదు. తాతయ్య కాళ్లు నేనే చూస్తుంటాను, మీ నాన్నవి మీరు చూడండి. మానని నల్ల మచ్చ ఉంటే డాక్టర్‌కి చూపించమనండి.

సాత్విక్, పరీక్షలు ఎప్పుడో రాయి.

ప్రేమతో,
అమ్మమ్మ