ఒక్క చదరపు మీటరు నాచు

1984లో మొనాకో తీరంలో, అక్కడి సముద్ర విజ్ఞాన మ్యూజియం కింది నీళ్లలో, సుమారు ఒక చదరపు మీటరు మేర కొత్త సముద్రపు నాచు కనిపించింది. పేరు కౌలెర్పా టాక్సిఫోలియా. వెచ్చని సముద్రాల జాతే అయినా, అక్వేరియంలలో పెరిగిన ఈ రకం చలిని కూడా తట్టుకుంటుంది. ఆ దశలో దాన్ని తీసేయడం పెద్ద పనేమీ కాదు. కానీ ఎవరూ తీయలేదు. ఎక్కడి నుంచి వచ్చింది, నిజంగా ప్రమాదమేనా అని ఏళ్ల తరబడి వాదించుకున్నారు. 2000 నాటికి అది ఆరు దేశాల తీరాల్లో వేల హెక్టార్లకు పాకింది. నిర్మూలించే అవకాశం అప్పటికే చేజారింది.

ఆ ఏడాది జూన్‌లోనే ఆ నాచు కాలిఫోర్నియా రాష్ట్రంలోని అగువా హెడియోండా అనే ఉప్పునీటి కయ్యలో బయటపడింది. మరో రకం సముద్రపు గడ్డిని పరిశీలించడానికి దిగిన డైవర్లు దాన్ని చూశారు. మూడు వారాలు తిరక్కుండానే పని మొదలైంది. ఈ నాచు ఎంత పొడవు సాగినా ఒకే ఒక్క కణం. అయినా తెగిన చిన్న ముక్క నుంచి మళ్లీ మొలుస్తుంది. అందుకే పీకకుండా, దాని మీద నల్లటి టార్పాలిన్లు పరిచి, అంచులు బిగించి, లోపలికి క్లోరిన్ పంపారు. 2001లో ఆ జాతినీ, దాన్ని పోలిన మరికొన్నింటినీ అమ్మడం, ఉంచుకోవడం చట్టం ద్వారా నిషేధించారు. 70 లక్షల డాలర్లకు పైగా ఖర్చయింది. 2006లో నాచు పూర్తిగా పోయిందని ప్రకటించారు.

జీవి ఒకటే. తేడా అంతా తొలి రోజుల్లో ఏం చేశారన్నదే.

కొత్త చోటికి చేరిన జీవికి పుట్టినచోట ఉన్న శత్రువులు, రోగాలు చాలావరకు ఉండవు. మొదట్లో సంఖ్య తక్కువ కాబట్టి ఎవరి కంటా పడదు. అందరికీ కనిపించే సరికి నిర్మూలన దశ దాటిపోతుంది, ఇక అదుపు చేయడమే మిగులుతుంది. అప్పుడు కొన్నిసార్లు సహజ శత్రువును తెచ్చి వదులుతారు. ఆస్ట్రేలియాలో రెండు కోట్ల హెక్టార్లకు పైగా ఆక్రమించిన నాగజెముడును, 1926లో వదిలిన అర్జెంటీనా చిమ్మెట ఒకటి కొన్నేళ్లలోనే అణచివేసింది. దాని గొంగళిపురుగులు నాగజెముడు జాతి మొక్కలనే తింటాయి. ఏది పడితే అది తినే జీవిని తెస్తే కథ తిరగబడుతుంది. చెరకు పురుగుల కోసం 1935లో క్వీన్స్‌లాండ్‌కు తెచ్చిన విషపు కప్పలు ఆ పురుగుల పని పట్టలేదు సరికదా, రాష్ట్రాల సరిహద్దులు దాటి పశ్చిమ ఆస్ట్రేలియా దాకా వెళ్లాయి. వాటిని తిన్న స్థానిక జంతువులు విషానికి చనిపోయాయి.

కాబట్టి ఇలాంటి జీవుల మీద రాష్ట్రం పెట్టే డబ్బులో పెద్ద వాటా, అవి రాకముందు చేసే పనికే పోవాలని నా గట్టి అభిప్రాయం. క్వాగా అనే చిన్న ఆల్చిప్పలను చూడండి. ఉక్రెయిన్ ప్రాంతపు నదుల్లో పుట్టిన ఈ జీవి ఓడల అడుగున నింపే నీటితో ఉత్తర అమెరికా మహా సరస్సులకు చేరింది. 2007లో అమెరికా పశ్చిమాన ఉన్న మీడ్ సరస్సులో కనిపించింది. నీటి పైపులను మూసేస్తుంది, చేపలకు అందాల్సిన సూక్ష్మజీవులను వడకట్టి తినేస్తుంది. ఒక సరస్సు నుంచి మరోదానికి దీన్ని మోసేది ఎక్కువగా ట్రెయిలర్ మీద వెళ్లే పడవలే. పడవను కడిగి, నీళ్లన్నీ వంపి, పూర్తిగా ఆరబెట్టాలన్న నియమం అందుకే. పశ్చిమ రాష్ట్రాలు దారుల్లో పడవలను ఆపి తనిఖీ చేస్తాయి. దీని పిల్లజీవులు కంటికి కనిపించవు. కాబట్టి నీటి నమూనాలను మైక్రోస్కోప్ కింద చూస్తూనే ఉండాలి.

2023 సెప్టెంబరులో ఐడహో రాష్ట్రంలోని స్నేక్ నదిలో అవి అలాగే దొరికాయి. కొన్ని వారాల్లోనే నదిలో రాగి మందు కలిపారు. టన్నుల కొద్దీ చేపలు కూడా చచ్చిపోయాయి. అది చిన్న మూల్యం కాదు, అయినా ఆ నిర్ణయం సరైనదేనని నేను నమ్ముతాను. దిగువన స్నేక్ నది కలిసే కొలంబియా నది ఉంది మరి. 2024లో నమూనాల్లో మళ్లీ ఆనవాళ్లు కనిపించాయి. ఐడహో రెండోసారి మందు వేసింది. మొదటి మందు తర్వాత నమూనాలు తీయడం మానేసి ఉంటే, ఆ సంగతి ఆల్చిప్పలు పైపులకు పట్టేశాకే తెలిసేది.