'ఇలాంటివే ఇంకొన్ని': యంత్రానికి పోలిక నేర్పిన కథ

ఒక వ్యాసం చదివి 'ఇలాంటివి ఇంకా ఉన్నాయా?' అని అడిగితే అనుభవమున్న గ్రంథపాలకుడు నేరుగా బీరువా దగ్గరికి నడుస్తాడు. కంప్యూటర్‌కు మాత్రం 'ఇలాంటివి' అన్న మాటే కొరుకుడు పడలేదు. దాన్ని అంకెల్లోకి దించే ప్రయత్నం మొదలై అరవై ఏళ్లు దాటింది.

1950ల చివర్లో ఐబీఎంలో పనిచేసిన హాన్స్ పీటర్ లూన్, ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెడితే పత్రం దేని గురించో పట్టుకోవచ్చన్నారు. 1960ల్లో జెరార్డ్ సాల్టన్ బృందం నిర్మించిన 'స్మార్ట్' వ్యవస్థ ఆ లెక్కకు జ్యామితిని జోడించింది. ప్రతి పత్రమూ ఒక బాణం; అది ఎటు చూపాలో అందులోని మాటల లెక్కలే నిర్ణయిస్తాయి. రెండు బాణాల మధ్య కోణం ఎంత తగ్గితే పోలిక అంత ఎక్కువ.

అయితే మాటలన్నీ ఒకే తూకం తూగవు. ఈ ముడి విప్పినవారు బ్రిటన్ శాస్త్రవేత్త కరెన్ స్పార్క్ జోన్స్. ఒక మాట ఎన్ని ఎక్కువ పత్రాల్లో కనిపిస్తే దాని విలువ అంత తక్కువని 1972లో ప్రతిపాదించారు. లక్ష పత్రాల్లో 'నీరు' సగం చోట్ల ఉండి, 'ఫ్లోరోసిస్' నలభైలోనే ఉందనుకుందాం. రెండు పత్రాల చుట్టరికాన్ని బయటపెట్టేది రెండో మాటే. ఈ రంగంలో ఇంత చిన్న ఆలోచన ఇంతకాలం నిలబడటం మరొకటి నాకు కనబడదు. 1990ల్లో లండన్‌లో స్టీఫెన్ రాబర్ట్‌సన్ బృందం పదును పెట్టిన, వెతికిన మాటలకు ఏ పత్రం ఎంత సరిపోతుందో లెక్కగట్టే 'బీఎం25' సూత్రంలోనూ ఉన్నది ఇదే.

వెబ్ వచ్చాక కథ అడ్డం తిరిగింది. ఒకే పేజీకి వందల నకళ్లు. పోలికను వెతకడం పోయి, మరీ ఎక్కువ పోలిక ఉన్నవాటిని ఏరిపారేయడం పనైంది. 1997లో ఆండ్రీ బ్రోడర్, ఆయన సహచరులు పాఠాన్ని పైకప్పు పెంకుల్లా ఒకదానిపై ఒకటి ఎక్కే చిన్న చిన్న మాటల వరుసలుగా విడగొట్టి, అప్పటి సెర్చ్ ఇంజిన్ అల్టావిస్టా సేకరించిన 3 కోట్ల పేజీలను పోల్చారు. 2007 నాటికి గూగుల్ పరిశోధకులు ఒక్కో పేజీని 64 బిట్ల (సున్నా, ఒకటి అంకెల) వేలిముద్రగా కుదించి, మూడు బిట్లకు మించి తేడా లేనివాటిని దాదాపు నకళ్లుగా పరిగణించవచ్చని చూపారు. ఒక చేత్తో కవలలను గెంటేస్తూ, మరో చేత్తో బంధువులను పిలవడం!

ఇంతా చేసి ఇదంతా అక్షరాల పోలికే. 'వైద్యుడు' అన్న పత్రానికి 'డాక్టర్' అన్న పత్రం పరాయిదే. 'ఇల్లు', 'ఇంటికి', 'ఇళ్లలో' ఒకే మాటకు రూపాలని కూడా ఎవరో ముందుగా చెప్పాలి. అర్థాన్ని పట్టే తొలి గట్టి ప్రయత్నం 1990 ప్రాంతంలో సుసాన్ డుమైస్ తదితరులు చేశారు: ఒకే రకం పత్రాల్లో కనిపించే మాటలను దగ్గరకు చేర్చడం. 2018లో గూగుల్ విడుదల చేసిన 'బెర్ట్' భాషా నమూనా చుట్టూ ఉన్న మాటలను బట్టి అర్థం పట్టింది కానీ, పోలికకు మహా నిదానం. 10 వేల వాక్యాల్లో అతి దగ్గరి జంటను తేల్చాలంటే దాదాపు 5 కోట్ల జంటలు చూడాలి. అందుకు సుమారు 65 గంటలు పట్టేది. ప్రతి వాక్యానికీ ముందే ఒక బాణం తయారుచేసి ఉంచే పద్ధతి 2019లో ఆ సమయాన్ని 5 సెకన్లకు దించింది.

అర్థం పట్టే ఈ బాణాలు అరుదైన పేర్లు, చట్ట సెక్షన్ల సంఖ్యలు, విడిభాగాల నంబర్ల దగ్గర తడబడతాయి. అక్కడ అక్షరం అక్షరం సరిపోవాల్సిందే. అందుకే నేడు చాలా వ్యవస్థలు బీఎం25 ఇచ్చిన జాబితానూ అర్థం ఆధారంగా వచ్చిన జాబితానూ రెండింటినీ తెప్పించి, కలిపి, మళ్లీ వరుస పెడుతున్నాయి.