ధారణకు దారి: యాభై నాలుగేళ్ల విద్యార్థినికి ఒక జవాబు

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం నెల రోజులుగా నా బల్ల మీదే ఉంది. ఆమె వయసు 54. పిల్లలు స్థిరపడ్డాక, చిన్నప్పుడు వదిలేసిన లెక్కల మీద మళ్లీ మనసు పోయి, గణాంకశాస్త్రంలో ఒక ఆన్‌లైన్ కోర్సులో చేరారు. పాఠాల వీడియోలన్నీ శ్రద్ధగా చూస్తున్నారు. చూస్తున్నంతసేపూ అంతా అర్థమవుతోంది. వారం తిరిగేసరికి ఒక్క ముక్కా గుర్తుండడం లేదు. “మొక్కై వంగనిది మానై వంగునా అంటారు కదా, నా సంగతీ అంతేనా?” అని అడిగారు.

ఆ సామెత మెదడుకు వర్తించదని చెప్పడానికి ఇప్పుడు మంచి ఆధారాలే ఉన్నాయి. లండన్‌లో టాక్సీ నడపడానికి అనుమతి కావాలంటే ఛారింగ్ క్రాస్ చుట్టూ ఆరు మైళ్ల పరిధిలోని సుమారు 25,000 వీధులు నోటికి రావాలి. దానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. ఆ శిక్షణలో చేరిన 79 మంది పెద్దవాళ్ల మెదళ్లను పరిశోధకులు కేథరిన్ వూలెట్, ఎలినార్ మగ్వైర్ మొదట ఒకసారి, చివర ఒకసారి స్కాన్ చేసి 2011లో ఫలితాలు ప్రచురించారు. పరీక్ష నెగ్గిన 39 మందిలో జ్ఞాపకానికి కీలకమైన హిప్పోకాంపస్ వెనుక భాగం పెరిగింది. నెగ్గని వారిలో ఆ మార్పు కనిపించలేదు. జర్మనీ పరిశోధకులు 2008లో, సగటున 60 ఏళ్ల వయసున్నవారికి మూడు బంతులను ఎగరేసి పట్టుకునే విద్య నేర్పినప్పుడు వారి మెదడులోనూ పెరుగుదల చూశారు.

కనుక ఇబ్బంది ఆమె వయసుతో కాదు, చదివే తీరుతో వచ్చింది. అది నాకు ఎప్పుడు తలకెక్కిందంటే, చాలా ఏళ్ల కిందట విజయవాడలో ఒక అష్టావధానం చూసినప్పుడు.

అవధాని చుట్టూ ఎనిమిదిమంది పృచ్ఛకులు, అంటే ప్రశ్నలు అడిగేవారు, కూర్చుంటారు. నిషిద్ధాక్షరి, సమస్య, దత్తపది, వర్ణన అనే నాలుగు తీరుల్లో పద్యాలు అడిగిన వారికి అవధాని పద్యమంతా ఒకేసారి చెప్పడు. ఒకరికి ఒక్క పాదం చెప్పి, పక్కవారి దగ్గరికి వెళతాడు. ఈలోగా అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన ఏదో ఒకటి అడిగి ఏకాగ్రతను కదిలిస్తూ ఉంటారు, ఎక్కడో గంట మోగుతుంటే దాన్నీ లెక్కపెట్టుకోవాలి. రెండో ఆవృత్తిలో, అంటే రెండో చుట్టులో, మళ్లీ మొదటి పృచ్ఛకుడి దగ్గరికి వచ్చేసరికి మొదటి పాదం మనసులోంచి జారిపోబోతూ ఉంటుంది. దాన్ని పైకి లాగితే గాని రెండో పాదం అతకదు. ఇలా నాలుగు ఆవృత్తులు గడిచాక, చివర కాగితం ముక్క లేకుండా పద్యాలన్నీ అప్పజెప్పడమే ధారణ.

ఇందులో దాగిన లెక్క గమనించండి. మొదటి పాదాన్ని అవధాని రెండో, మూడో, నాలుగో ఆవృత్తుల్లో ఒక్కొక్కసారి, ధారణలో మరోసారి, మొత్తం నాలుగుసార్లు తవ్వి తీస్తాడు. ప్రతిసారీ నడుమ విరామం ఉంది. ఆ విరామం ఖాళీగా లేదు, వేరే పద్యాలతో నిండి ఉంది. ఎక్కడా మళ్లీ చదవడం లేదు, ఉన్నదంతా తిరిగి తలచుకోవడమే. నేర్చుకోవడం గురించి ప్రయోగశాలలు వందేళ్లకు పైగా శ్రమించి కనుగొన్న మూడు సూత్రాలు, అంటే విరామం, కలగలుపు, స్మరణ, ఈ ఒక్క ప్రక్రియలో మన పెద్దలు ఇమిడ్చి పెట్టారు. ఇది నాకు ఎప్పుడు తలచుకున్నా అబ్బురమే.

స్మరణ బలం ఎంతటిదో మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ 2006లో ప్రచురించిన ప్రయోగం చూపింది. కొందరు విద్యార్థులు ఒక వచనాన్ని నాలుగుసార్లు చదివారు. మరికొందరు ఒక్కసారే చదివి, మూడుసార్లు చూడకుండా గుర్తుతెచ్చుకుని రాశారు. అయిదు నిమిషాల తరువాత అడిగితే చదివినవారిదే పైచేయి. వారం తరువాత అడిగితే, చదివినవారికి 40 శాతం, రాసినవారికి 61 శాతం గుర్తుంది. వీడియో చూస్తున్నప్పుడు “అంతా వచ్చేసింది” అనిపించేది మొదటి అయిదు నిమిషాల భ్రమ.

పుస్తకం తెరిచి వదిలేసి లేస్తే చదివింది మరచిపోతామని మా ఇంట్లో భయపెట్టేవారు. ఆ నమ్మకానికి ఆధారం లేదు గాని, పుస్తకం మూయడం మాత్రం మంచి పనే; అసలు చదువు మూశాకే మొదలవుతుంది. మన విజయవాడ, గుంటూరు కళాశాలల్లో వారం వారం పెట్టే పరీక్షలు ఇంత గొప్ప సాధనమై ఉండి కూడా ర్యాంకుల భయానికే ఖర్చవుతున్నాయన్నది నా బాధ.

విరామం ఎందుకు కావాలో కణం స్థాయిలో చూపినవాడు 2000లో నోబెల్ బహుమతి పంచుకున్న ఎరిక్ కాండెల్. సుమారు 20,000 నాడీకణాలే ఉన్న అప్లీసియా అనే సముద్రజీవిని ఆయన ఎంచుకున్నాడు. దాని నాడీకణాల సంధిపై సెరటోనిన్ అనే రసాయనం ఒకసారి సోకితే, కణంలో సంకేతం మోసే సైక్లిక్ ఏఎంపీ అనే పదార్థం పెరిగి, ప్రోటీన్ కైనేజ్-ఏ అనే ఎంజైము చురుకై, అక్కడి సంకేతం కొన్ని నిమిషాలపాటు బలపడుతుంది. అప్పటికే ఉన్న ప్రోటీన్ల సర్దుబాటు దానికి సరిపోతుంది. అదే సెరటోనిన్ విరామాలతో అయిదుసార్లు సోకితే ఎంజైము కేంద్రకంలోకి చేరి, క్రెబ్ అనే ప్రోటీనును మేల్కొలుపుతుంది; క్రెబ్ జన్యువులను పనిలోకి దింపుతుంది; కొత్త ప్రోటీన్లు తయారై కొత్త సంధులు మొలుస్తాయి. అవధానికి పద్యాలు సభ ముగిసేదాకా నిలిస్తే చాలు గనుక నిమిషాల విరామంతో గడిచిపోతుంది. ఏళ్లపాటు నిలవవలసిన చదువుకు రోజుల విరామం, ఆ తరువాత వారాల విరామం కావాలి.

మంచి కోర్సు ఎలా ఉండాలన్న దానికీ అవధానంలోనే జవాబుంది. సమస్య ఇవ్వగానే, ఆ అడ్డదిడ్డపు పాదాన్ని ఎలా పూరిస్తాడా అని సభంతా ఊపిరి బిగబట్టి చూస్తుంది. ఆ ఉత్కంఠకు మెదడులో పని ఉంది. కాలిఫోర్నియాలోని డేవిస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో ప్రచురించిన ప్రయోగంలో, ప్రశ్న చూపి, జవాబు వచ్చేలోగా సంబంధం లేని ఒక ముఖాన్ని చూపించారు. జవాబు కోసం తహతహలాడుతున్నప్పుడు చూసిన ముఖాలే ఎక్కువగా గుర్తున్నాయి. కుతూహలం కలిగినప్పుడు మెదడులో ఉత్సాహాన్ని రేపే డోపమైన్ వ్యవస్థ, హిప్పోకాంపస్ కలిసి పనిచేసి, పక్కనున్న విషయాలను కూడా పట్టుకుంటున్నాయి. కాబట్టి పాఠానికి ముందు ప్రశ్న వేసే గురువును వెతుక్కోవాలి. ధ్రువపత్రం ఎంత అందంగా ఉన్నా, ఏమీ అడగని కోర్సును నేను సిఫారసు చేయను.

ఆ పాఠకురాలికి నేను రాసిన పద్ధతి ఇది. ప్రామాణిక విచలనం (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పే కొలత) పాఠం చూశాక ఫోను పక్కన పెట్టి, తెల్ల కాగితం మీద గుర్తున్నంత రాయాలి. మర్నాడు సహసంబంధం (రెండు విషయాలు కలిసి ఎంత మారుతున్నాయో చెప్పే కొలత) పాఠం మొదలుపెట్టే ముందు, నిన్నటిది చూడకుండా మళ్లీ రాయాలి. మూడు రోజుల తరువాత ఒకసారి, పది రోజుల తరువాత మరోసారి, రెండు పాఠాల లెక్కలూ కలిపి చేయాలి. లెక్కలకు అంకెలు వెతుక్కోనక్కరలేదు, ఊళ్లోనే మిర్చి యార్డు ఉంది. వారం రోజుల ధరలు పత్రికలోంచి రాసుకుని, సగటు నుంచి అవి ఎంత చెదిరాయో, వచ్చే వారం చెదురు పెరుగుతుందో తగ్గుతుందో ముందుగా ఊహించి, ఆ ఊహను కాగితం మీద పెట్టి, ఆ తరువాతే లెక్క కట్టాలి.